పలక పని ఉలి

మార్కాపురం దాటాక మా బస్సు ఆగిపోయింది. డీజిల్ పైపులో గాలి చేరిందట. ఆ గాలిని వదిలే స్క్రూ తల అరిగిపోయి, స్క్రూడ్రైవర్ పట్టు దొరక్క జారుతోంది. నా ఒళ్లో పాప జ్వరంతో కాలిపోతూ, కళ్లు కూడా తెరవడం లేదు. డ్రైవర్ విసిగి సుత్తి ఎత్తాడు.

"కొట్టబాక నాయనా, ఇరిగిపోతాది," అంటూ చొక్కా నిండా పలకల దుమ్మున్న ఒక పెద్దాయన దిగాడు. సంచిలోని సన్న ఉలిని స్క్రూ అంచున ఆనించి, చెవి దగ్గరగా పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా తట్టసాగాడు.

"రాతిలోంచి పలక చీల్చేదైనా ఇంతేనమ్మా. సద్దు మారితే పట్టు ఇడిసినట్టే," అన్నాడు కిటికీలోంచి చూస్తున్న నాతో.

కాసేపటికి సద్దు మారింది. స్క్రూ తిరిగింది, గాలి బయటికి పోయింది. ఇంజిన్ మోతకు పాప ఉలిక్కిపడి ఏడిస్తే, నాకు ప్రాణం లేచివచ్చింది.

పాపకు ఆయన గుర్తులేడు. ఇప్పుడు ఏ సీసా మూత బిగుసుకున్నా, నన్ను చూసి నేర్చుకుని, మెల్లగా తట్టి చెవి దగ్గర పెట్టుకుంటుంది.