తూర్పు గోడ మీద నల్లమల

ఆళ్లగడ్డలో రాయికున్న మర్యాద రంగుకు లేదు. ఎటు పోయినా శిల్పుల ఉలి చప్పుడే. అలాంటి ఊళ్లో కొండలూ చెట్లూ గీసి బతుకుతానని బయలుదేరిన మొనగాడు ఓబయ్య. ముప్పై ఏళ్లుగా ఇక్కడి నుంచి నంద్యాల దాకా కల్యాణ మండపాల్లో, డాబాల్లో, కొత్త ఇళ్ల హాళ్లలో అతను గీసినవి జలపాతాలు, మంచుకొండలు, జంట హంసలు. వాటిలో ఒక్కటీ అతను కళ్లారా చూసింది కాదు. గీయించుకున్నవాళ్లూ చూడలేదు కాబట్టి పేచీ రాలేదు.

ఓబయ్యకు ఒక పిచ్చి ఉండేది. చచ్చేలోగా ఒక్క గోడ మీదైనా నల్లమలను ఉన్నదున్నట్టు గీయాలి. ఆ మాటెత్తితే భార్య సరస్వతి, "వాకిట్లోకి వస్తే ఊరికే కనపడే కొండకు కూలి ఇచ్చేటోడు యాడుంటాడు?" అనేది. ఆమె మాటా తీసిపారేసేది కాదు.

అలాంటివాడు నంద్యాలలో దొరికాడు. రైస్ మిల్లు నరసింహులు పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టాడు. పక్కవాడు తీసిపోతాడా, నాలుగు కట్టాడు. దాంతో నరసింహులు తల్లి భారతమ్మకు, కాపురానికి వచ్చిన నాటి నుంచి పొద్దున్నే కనిపించే కొండ కాస్తా మాయమైంది. "నా కొండ నాకు గావాల" అని ఆమె అన్నం మానేసింది. తల్లి మొండితనానికి జడిసి నరసింహులు ఓబయ్యను పిలిపించాడు.

భారతమ్మ గదిలో తూర్పు గోడ నిండా ఓబయ్య నల్లమలను నిలబెట్టాడు. కింద నల్లరేగడి, కోసిన జొన్న మోళ్లు, వెనక నీలంగా కొండవరుస. "ఆడ ఇంకొంచెం దించప్పా, కొండ ఆడ వంగుతాది" అని మంచం మీద నుంచి భారతమ్మ చెబితే అలాగే దించాడు. అయిపోయాక నిలబడి ఏడ్చాడు. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు.

నెల తిరక్కుండా మిల్లులో మోటారు కాలింది. మోటారు కాలితే మెకానిక్‌ను కదా పిలవాలి! నరసింహులు వాస్తు సిద్ధాంతిని పిలిచాడు. ఆయన ఇల్లంతా తిరిగి గోడ ముందు ఆగి గుండె పట్టుకున్నాడు.

"తూర్పున కొండనా! బరువప్పా, బరువు! ఇల్లు నిలుస్తాదా?"

"చెరిపెయ్యి ఓబయ్యా" అన్నాడు నరసింహులు. "ఆడ జలపాతం ఎయ్యి. హంసలు గూడ ఎయ్యి."

"మరి ఊరికి తూర్పున నిలబడిండే కొండకు సున్నం ఎవురు కొడ్తార్రా?" అంది భారతమ్మ. సిద్ధాంతికి ఉన్నట్టుండి వేరే పని గుర్తొచ్చింది.

ఓబయ్య ఎదురు తిరిగి ఉంటాడని మీరనుకుంటే అది మీ మంచితనం. నరసింహులు మాట కాదంటే నంద్యాలలో ఇంకో గోడ దొరకదు. తెల్ల రంగు కలిపాడు. భారతమ్మ మంచాన్ని గోడకు ఆనించుకుని కూర్చుంది. అతను ఆమె చుట్టూ రంగు కొట్టుకుంటూ వచ్చాడు. శిఖరాలు పోయాయి, చేలు పోయాయి.

"పెద్దమ్మా, కొంచెం జరుగు."

"గీసేటప్పుడు నన్నడిగి గీసినావు. ఇప్పుడు ఎవుర్నడిగి కొడ్తాండావు?"

ఓబయ్యకు తల కొట్టేసినట్టయింది. రోలర్ అక్కడే పడేసి బయటికి వచ్చేశాడు.

మంచం వెనక మిగిలిన ముక్కను ఇంతవరకు ఎవరూ ముట్టలేదు. మంచమంత కొండకు బరువుండదని సిద్ధాంతి తేల్చేశాడు. భారతమ్మ అటు తిరిగి పడుకుంటుంది. ఓబయ్య బతుకులో గీసిన ఒక్క నిజమైన బొమ్మలో మిగిలింది అంతే. తక్కినదంతా చెరిపిన చెయ్యి సిద్ధాంతిది కాదు.