లిఫ్టు దగ్గర నలభై నిమిషాలు

ఆ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు బట్టల విభాగం నడిపిన ఆవిణ్ణి అందరూ దుప్పట్లమ్మ అనేవాళ్లు. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు. ఆవిడ కూడా ఏమీ అనుకోలేదు. నేలమాళిగలో ఆవిరి కక్కే మిషన్ల మధ్య రోజుకి వెయ్యి దుప్పట్లు ఉతికించి, ఆరబెట్టించి, ఇస్త్రీ చేయించి పైకి పంపేది. ఒక్క మరక కనబడితే చాలు, ఇల్లు పీకి పందిరేసేది. ఆవిడ మాటకి ఎదురు చెప్పిన వాళ్లు లేరు.

అలాంటి మనిషిని ఒకరోజు డైరెక్టరుగారు పిలిచి ఆపరేషన్ థియేటర్ల నిర్వహణ చూడమన్నారు.

"నేనా? సార్, నేను ఇంటర్‌తో ఆపేసినదాన్ని."

"ఇంతకు ముందు ఇద్దరు పెద్ద పెద్ద డిగ్రీలతోనే వచ్చారమ్మా. ఇద్దరూ గదిలో కూర్చుని చార్టులు గీశారు. ఈ భవనంలో మీరు ఎక్కని మెట్టు లేదు. నాకు కావలసింది అదే."

చిక్కేమిటంటే, రోజూ ఎనిమిదింటికి మొదలవ్వాల్సిన మొదటి ఆపరేషన్ తొమ్మిదిన్నర దాటితే గానీ మొదలయ్యేది కాదు. దాని వెనకాలవన్నీ ఇంకా వెనక్కి జరుగుతూ పోయి, చివరి రోగికి వేళ మించిపోయేది. ముందురోజు రాత్రి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టని మనిషికి సాయంత్రం నర్సు వచ్చి, "ఇవాళ కుదరలేదండీ, తినేసి పడుకోండి" అని చెప్పేది. అప్పుడు వార్డులో ఒక దర్జీ ఉండేవాడు, పిత్తాశయంలో రాళ్లు. రెండుసార్లు అలా వెనక్కి పంపించారు. రెండోసారి అతని భార్య కేకలెయ్యలేదు, ఏడవలేదు. మంచం పక్కన కూర్చుని నర్సుతో, "మా వంతు ఎప్పుడో ఒక్కసారి ఖాయంగా చెప్పండమ్మా, అంతవరకూ ఆయన్ని తిననిస్తాను" అంది. ఆ మాట అప్పుడే వార్డు చూడ్డానికొచ్చిన దుప్పట్లమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

కొత్త పదవిలో మొదటి సమావేశం పెట్టింది. పెద్ద సర్జనుగారు మత్తు డాక్టరు ఆలస్యమన్నారు. మత్తు డాక్టరమ్మ రోగిని పైకి పంపడమే ఆలస్యమంది. వార్డు సిస్టరు, మేం ఏడుంపావుకే పంపిస్తున్నాం, థియేటర్ వాళ్లనే అడగండి అంది. థియేటర్ వాళ్లు మళ్లీ సర్జనుగారి వైపు చూశారు. గంటసేపు తప్పు బల్ల చుట్టూ తిరిగి ఎవరి ఒళ్లోనూ పడలేదు. బయటికి వెళుతూ సర్జనుగారు ఎవరితోనో అన్నది ఆవిడ చెవిన పడింది: "దుప్పట్లు లెక్కపెట్టే ఆవిడ మనకి టైము నేర్పుతుందట."

ఆవిడ మర్నాడు పొద్దున్నే వచ్చి, వార్డు నుంచి బయల్దేరిన మొదటి స్ట్రెచర్ వెంట నడిచింది.

ఏడూ ఇరవై అయిదుకి స్ట్రెచర్ లిఫ్టు ముందుకొచ్చింది. భవనంలో స్ట్రెచర్ పట్టే లిఫ్టు అదొక్కటే. తలుపు తెరుచుకుంది. లోపల నిండా బట్టల బండి. మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది, ఇంకో బండి. తర్వాత మురికి బట్టలతో కిందికి దిగుతున్న బండి. ఆ వెనకాల ఫలహారాల బండ్లు వరసలో నిలబడ్డాయి. స్ట్రెచర్ మీది ముసలాయన పైకప్పు చూస్తూ పడుకున్నాడు. సిబ్బంది గోడకానుకుని ఆవులించారు. వార్డు నర్సు అప్పగించి ఎప్పుడో వెళ్లిపోయింది. డాక్టర్లు ఎక్కేది అటువైపు చిన్న లిఫ్టు. అందుకే ఈ నిరీక్షణ ఎవరి కంటా పడలేదు. ఎనిమిదీ అయిదుకి గానీ స్ట్రెచర్ లోపలికి వెళ్లలేదు. నలభై నిమిషాలు.

ఆవిడ లిఫ్టు మనిషి మీద విరుచుకుపడింది. "రోగిని నిలబెట్టి దుప్పట్లు ఎక్కిస్తావా? బుద్ధుందా నీకు?"

అతను బిత్తరపోయాడు. "మీరే చెప్పారు కదమ్మా. ఏడింటి నుంచీ బట్టల బండ్లు ముందు, ఆ తర్వాతే ఏదైనా అని. పదకొండేళ్లయింది. ఒక్కరోజు కూడా తప్పలేదమ్మా."

నిజమే. పదకొండేళ్ల కిందట వార్డుల్లో మురికి బట్టలు కంపు కొడుతున్నాయని ఫిర్యాదులొస్తే, తనే ఇక్కడ నిలబడి చూపుడువేలు ఆడిస్తూ చెప్పింది. అప్పటికి థియేటర్లు రెండే. ఇప్పుడు ఆరు.

"మరి ఇలా ఆలస్యమవుతోందని ఎవరూ నాతో అనలేదేం?"

"మీతోనా?" అన్నాడతను.

మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసింది. ఆవిడ భర్త బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అంతా విని ఆయన, "తప్పు చేసింది బట్టల ఇన్‌ఛార్జి కదా. నువ్విప్పుడు థియేటర్ల మేనేజరువి. ఆవిణ్ణి పిలిచి నాలుగు చీవాట్లు పెట్టు" అన్నారు.

"వేళాకోళాలు చాలు. బండ్ల టైము గుట్టుచప్పుడు కాకుండా మార్చేస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు."

"సరిపోతుంది," అన్నారాయన. "ఆ లిఫ్టు మనిషికి తప్ప."

ఆ మాటతో ఆవిడకి అన్నం సహించలేదు. రెండు మెతుకులు కతికి డబ్బా మూసేసింది.

ముందుగా నేలమాళిగకి దిగింది. తెల్లవారుజామునే బండ్లు పైకి పంపాలంటే మనుషులు ఇంకో గంట ముందు రావాలి. ఆ సంగతి ఎత్తగానే అందరూ తలలు దించుకున్నారు. పాతరోజుల్లో అయితే ఆవిడ అదే ఒప్పుకోలు అనుకునేది. ఈసారి స్టూలు లాక్కుని కూర్చుంది. "నాకు దారి తోచడం లేదు. మీరే చెప్పండి."

కాసేపటికి ఇస్త్రీ మిషన్ దగ్గరావిడ నెమ్మదిగా అంది: "శుభ్రమైనవి ముందురోజు సాయంత్రం మేం వెళ్లేముందే పంపేస్తే పోదా? పైన అలమరాలు ఖాళీగానే ఉంటాయి. మురికివి తొమ్మిదింటికి దించుకుందాం."

"ఎన్నాళ్లుగా అనుకుంటున్నావే ఇది?"

"ఏమో అక్కా, అయిదారేళ్లు."

మర్నాటి సమావేశంలో ఆవిడ నిలబడే మాట్లాడింది. "ఆలస్యానికి కారణం దొరికింది. నలభై నిమిషాలు నావి. నేను పెట్టిన రూలు వల్ల రోగులు లిఫ్టు ముందు పడున్నారు. వచ్చే సోమవారం మొదలు ఏడుంపావు నుంచి ఎనిమిది దాకా ఆ లిఫ్టు స్ట్రెచర్లకే. ఫలహారాలు ఆ తర్వాతే. మిగతా ఆలస్యం సంగతి నాకు తెలియదు, మీరే చెప్పాలి."

వార్డు సిస్టరు గొంతు సవరించుకుంది. "సంతకం కాగితాలు పొద్దున వెతుక్కుంటామమ్మా. అదో పది నిమిషాలు. సాయంత్రమే చూసి పెడతాం." మత్తు డాక్టరమ్మ, తను రోగుల్ని ముందురోజే చూడొచ్చంది. అందరూ అయ్యాక పెద్ద సర్జనుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎలాగూ ఆలస్యమే కదా అని నేను ఎనిమిదికి గానీ ఇంట్లోంచి కదలను. ఆ ముప్పావుగంట నాది, రాసుకోండి." ఎవరో కిసుక్కుమన్నారు. ఆయనా నవ్వేశారు.

ఆ సోమవారం మొదటి రోగి ఎనిమిదింటికి బల్ల మీదున్నాడు. ఎనిమిదీ పన్నెండుకి కత్తి పడింది. దుప్పట్లమ్మ కాళ్లు ఒకచోట నిలవలేదు; మధ్యలో థియేటర్లో ఒక మిషన్ మొరాయించి ఇరవై నిమిషాలు పోయాయి. వరసలో ఆఖరివాడు దర్జీ. మూడుంపావుకి స్ట్రెచర్ కదిలింది. అతని భార్య నమ్మలేనట్టు లిఫ్టు దాకా వచ్చి, తలుపు మూసుకున్నాక కూడా అక్కడే నిలబడింది.

నాలుగున్నర దాటాక సర్జనుగారు మాస్కు కిందికి లాగి బయటికొచ్చారు. "అయిపోయిందమ్మా, బాగున్నాడు. రేపు గంజి ఇవ్వొచ్చు" అని దర్జీ భార్యకి చెప్పి, ఇటు తిరిగి, "మేడం, నా ఓపీ క్యూ కూడా ఒకసారి వచ్చి చూస్తారా? మీతో పాటు నేనూ నిలబడతాను" అన్నారు.

దర్జీ భార్య బెంచీ మీద కూలబడి కొంగుతో మొహం కప్పుకుని భోరుమంది. దుప్పట్లమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యేసింది.

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వారం రోజులుగా కంటికి దూరమైన నిద్ర ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడి లేచింది.

"ఎక్కడున్నావ్?" మాస్టారు.

బయటికి చూసింది. "మన స్టాపు దాటి రెండు స్టాపులొచ్చేశాను. దిగి నడిచొస్తా."

"అయ్యో, స్కూటరు తీసుకుని రానా?"

"వద్దులెండి," అందావిడ. "హాయిగా ఉంది."