బావగారి గ్యాస్ కట్టరు

మొన్న ఇంటి గేటు బాగుచేయించుకుందామని తాడేపల్లిగూడెంలో వెల్డింగు షాపుకి వెళితే, అక్కడి మనిషి ప్లాస్మా కట్టరట, పిస్తోలులా ఒంటిచేత్తో పట్టుకుని, దళసరి ఇనప రేకుని అరటిదవ్వ కోసినంత సులువుగా కోసేస్తున్నాడు. చూస్తుంటే ఎనభై దాటిన నాకు ఒళ్లంతా అసూయతో భగ్గుమంది. ఈ మంట నాకు పాత చుట్టమేనండి.

పందొమ్మిదివందల యాభైల చివర్లో ఏలూరు కాలవగట్టున మా నాన్నగారికి కమ్మరి షెడ్డు ఉండేది. ఉలీ సుత్తీ పట్టి రేకు కోయడంలో నన్ను మించినవాడు లేడని నాకో నమ్మకం. జానెడు కోసేసరికి పూట గడిచిపోయేదనుకోండి, అది వేరే సంగతి. అలాంటి చోటికి, మా అక్కని చేసుకున్న బావగారు విశాఖపట్నంలో గ్యాస్ కటింగు నేర్చుకుని, సిలిండర్లూ గొట్టాలూ వేసుకుని వచ్చి, పొద్దుటినుంచీ నేను కొడుతున్న రేకుని కాఫీ చల్లారేలోపు కోసి పక్కన పెట్టారు. ఉండి ఊరి నుంచీ, కొల్లేటి లంకల నుంచీ ఆయన్ని వెతుక్కుంటూ పనులొచ్చేవి. భోజనాల దగ్గర నాన్నగారు అల్లుడి పనితనం పొగుడుతుంటే నేను మజ్జిగ దాకా ఆగకుండా లేచిపోయేవాణ్ణి. బావగారు మాత్రం నన్ను పల్లెత్తు మాట అనేవారు కాదు. అది ఇంకా మండించేది.

ఒక వేసవిలో ఈ తాడేపల్లిగూడెంలోనే ఓ రైసుమిల్లు పనికి ఇద్దరం వెళ్లాం. నీళ్లతొట్టి కోసం ఖాళీ డ్రమ్ముని సగానికి కోయాలి. అది కొబ్బరినూనెదని మిల్లువాళ్లు చెబితే బావగారు నమ్మారు. దాన్ని దొర్లించుకొచ్చిన నాకు మాత్రం మూత దగ్గర పెట్రోలు వాసన గుప్పుమని తగిలింది. ఖాళీదైనా లోపలి ఆవిరికి మంట అంటుకుంటే పేలిపోతుందని తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. చావు కోరానా అంటే లేదండీ, ఒక్కసారి ఆయన తప్పు చేస్తే చూడాలనిపించింది. నా బుద్ధి అంతకుమించి ముందుకు సాగలేదు.

అగ్గిపుల్ల గీయబోతూ ఆయన నావైపు తిరిగారు. "కాస్త దూరంగా జరగవోయ్, రవ్వలు నీమీద పడతాయి."

"ఆగండి బావగారూ. అది పెట్రోలు డ్రమ్ము," అన్నాను.

ఆయన మూత దగ్గర వాసన చూసి, అగ్గిపెట్టె దూరంగా విసిరేశారు. "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు.

"ఇప్పుడేనండి."

సాయంత్రం ఏలూరు చేరగానే, నేను లేకపోతే తాను లేనని ఇంట్లో అందరికీ చెప్పారు. అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నాన్నగారు మొట్టమొదటిసారి నన్ను మెచ్చుకున్నారు. ఏళ్ల తరబడి ఆశపడిన మెప్పు, తీరా వచ్చాక తల దించుకునేలా చేసింది. మర్నాడే బావగారు కట్టరు నా చేతికిచ్చి పని నేర్పడం మొదలుపెట్టారు. బతుకంతా ఆ విద్యే నాకు అన్నం పెట్టింది.

షెడ్డు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్లున్నాయి. నిజం చెప్పకుండానే బావగారిని కాటికి సాగనంపాను. అక్క ఉన్నన్నాళ్లూ ఏ పెళ్లిలో కలిసినా నలుగురినీ కూర్చోబెట్టి ఆ డ్రమ్ము సంగతి చెప్పేది, నేను ఏదో పనున్నట్టు లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు చెప్పేవాళ్లెవరూ లేరు. పెళ్లిళ్లలో భోజనాలయ్యేదాకా ఒకే కుర్చీలో కూర్చుని ఉంటున్నాను.