కాలువ కట్టెయ్యని ఊరు

పన్నెండేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. పెద్ద వాక్యమేమీ కాదు. ఒక ఇంగ్లీషు ఉత్తరం చదువుతూ మధ్యలో దాన్ని దాటేశాను, అంతే. దొంగతనం అనడానికి లేదు, ఎవరి వస్తువూ పోలేదు. అబద్ధం అనడానికీ లేదు, ఆ వాక్యం దగ్గర నేను నోరు విప్పలేదు. అది ఏమేమి కాదో నాకు నేను చెప్పుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. అదేమిటో చెప్పవలసి వచ్చేసరికి మాత్రం ముఖం తెలియని మనిషి కావలసి వచ్చారు. మీరు దొరికారు. కాసేపు కూర్చోండి.

తొంభైల నడుమ నేను బందరు దగ్గర పెడనలో, కలంకారీ అద్దకం పనివాళ్ళ సొసైటీలో గుమాస్తాని. ఉత్తరాలు రాసేది నేనే కాబట్టి అందరూ రైటరు గారనేవారు. విజయవాడలో ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. పూర్తిచేశాను. ఆ చదువంతా చివరికి 'తమరి ఉత్తరం అందినది' అన్న మాటను రకరకాలుగా రాయడానికి పనికొచ్చింది.

మా సొసైటీలో అందరికన్నా గొప్ప పనివాడు నాంచారయ్య గారు. అప్పటికే అరవై దగ్గర పడ్డాయి. చెక్క అచ్చు తీసి గుడ్డ మీద మోపి మణికట్టుతో ఒక్క దెబ్బ వేస్తే, పువ్వు అక్కడే పూసినట్టుండేది. కానీ ఆయన దృష్టిలో అద్దడం సగం పనే. మిగతా సగం నీళ్ళది. అద్దిన గుడ్డని, ఎర్రరంగులో ఉడికించిన గుడ్డని, పారే కాలువలో నిలబడి జాడించాలి. ఆగిన నీళ్ళలో జాడిస్తే ఊడిన రంగు మళ్ళీ వచ్చి గుడ్డ మీదే, తెల్లగా ఉండవలసిన చోట వాలుతుంది. పారే నీళ్ళయితే దాన్ని తీసుకుపోతాయి.

అందుకే వేసవి వస్తే ఆయనకి దిగులు. మా జిల్లాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. బురద ఎండి నెర్రెలిచ్చేది. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా పని లేదు. ఆ రోజుల్లో ఆయన తన షెడ్డులో బల్ల మీద కూర్చుని ఎదురుగా ఉన్న పాత క్యాలెండర్ చూస్తుండేవారు. విజయవాడ వన్ టౌన్‌లో రంగులమ్మే కొట్టువాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. తేదీలు ఆయన చింపేశారు, బొమ్మ ఉంచుకున్నారు. వెనిస్ బొమ్మ. వీధులు ఉండవలసిన చోట నీళ్ళు, గుమ్మాల ముందు మెట్లు, ఆ మెట్లు దిగితే కాలువ.

అందరూ ఆ బొమ్మలో మేడలు చూసేవారు. ఆయన మెట్లు చూసేవారు.

"చూశారా రైటరు గారూ, ఇంటికో రేవు! పైగా కాలువ కట్టెయ్యరంట. ఆ ఊళ్ళో పుట్టుంటే ఏడాదంతా జాడించుకునేవోణ్ణండీ."

అక్కడెవరూ గుడ్డలు జాడించరని నేను చెప్పలేదు. నాకూ తెలియదు.

అలాంటి మనిషి పేరు మీద ఆ ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చింది సొసైటీకి, కానీ పేరు ఆయనదే. అక్కడ చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారట. ఆయన అద్దిన దుప్పటి ఎక్కడో చూశారట. వచ్చి ఐదు రోజులు అచ్చు వేసి చూపించమన్నారు. రానూపోనూ ఖర్చులన్నీ వాళ్ళవే. ఒకవేళ ఆయన రాలేకపోతే సొసైటీ తరఫున ఇంకొకరిని పంపమన్నారు. ఈ రెంటికీ మధ్య ఉంది నేను మోస్తున్న వాక్యం: 'భాష గురించి ఆయన చింతించనక్కరలేదు, తోడుగా తెలుగు తెలిసిన మనిషిని మేమే ఏర్పాటు చేస్తాము.'

ఆయన షెడ్డులో, ఆ క్యాలెండర్ కిందే నిలబడి తెలుగులో చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చాను. నా కళ్ళు దాన్ని చదివాయి. నోరు తర్వాతి దానికి వెళ్ళింది.

ముందే అనుకున్నానా? లేదనే అనుకుంటాను. ఇన్నిసార్లు వెనక్కి వెళ్ళి చూశాక, ఆ క్షణంలో నిలబడినవాడు నేనో, నేను తర్వాత తయారుచేసుకున్న మనిషో కూడా తేల్చుకోలేకపోతున్నాను. నాకు ముప్ఫై ఏళ్ళు. మద్రాసు దాటి ఎరగను. చదివిన పుస్తకాల్లో అందరూ ఎక్కడెక్కడికో వెళ్ళేవారు, నేను రోజూ బందరు బస్సెక్కేవాణ్ణి. ఇవి కారణాలే. కారణాలకేం, అందరి దగ్గరా ఉంటాయి.

ఆయన చాలాసేపు క్యాలెండర్ వంక చూశారు. ఆ తర్వాత నవ్వారు. "ఇంగ్లీషు రానోణ్ణి, అక్కడికెళ్ళి మూగోడిలా నిలబడతానా అండీ? సొసైటీ పరువు పోద్ది. మీరెళ్ళండి."

అప్పుడైనా చెప్పవచ్చు. ఉత్తరం చేతిలోనే ఉంది. "చూద్దాం లెండి" అన్నాను. ఆ సాయంత్రమే, ఆయనకు ఒంట్లో బాగుండడం లేదని, బదులుగా నేను వస్తానని జవాబు రాశాను. నా ఇంగ్లీషు అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

బయలుదేరే ముందురోజు ఆయన ఒక చిన్న గుడ్డ తెచ్చి ఇచ్చారు. భుజం మీద కండువా అంత ఉంటుంది. ఎర్రపూల తీగ, చుట్టూ తెలుపు. ఉడికించారు, ఆఖరి జాడింపు మాత్రం మిగిల్చారు. "ఆ కాలువలో ఒక్కసారి జాడించి తెచ్చిపెట్టండి. నేను చూడకపోయినా నా గుడ్డ చూసొస్తది" అన్నారు.

నేను వెనిస్ చూశాను. బాగుంది. ఇంతకన్నా పొగడను, ఆ హక్కు లేదు. వంతెనలెక్కాను, దిగాను, ఫోటోలు తీసుకున్నాను. ప్రదర్శనలో పైజమా లాల్చీ వేసుకుని అచ్చులు వేశాను. ఒక పువ్వుకీ ఇంకో పువ్వుకీ మధ్య అంగుళం తేడా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. అది మా పద్ధతి అనుకున్నారేమో.

అన్నిటికన్నా కష్టమైన సంగతి ఆ తెలుగు అమ్మాయి. గుంటూరు పిల్ల, అక్కడ చదువుకుంటోంది. పెద్దాయన కోసం నన్ను పెట్టుకున్నారండీ, మీకు ఇంగ్లీషు వచ్చాక నాకేం పనుంది అని మొదటి రోజే నవ్వింది. పనిలేక నాకు ఊరు చూపించింది. ఐదు రోజులూ నేను దాటేసిన వాక్యం పక్కన నడిచాను. అది చాలా మర్యాదగా మాట్లాడేది, మధ్యమధ్య ఆయన ఆరోగ్యం ఎలా ఉందని అడిగేది.

ఆఖరి రోజు గుడ్డ తీసుకుని ఒక మెట్ల దగ్గరికి వెళ్ళాను. క్యాలెండర్లో ఉన్నటువంటి మెట్లే. కింది రెండు మెట్లకీ పాచి పట్టి ఉంది. మూడు మెట్లు దిగితే నీళ్ళు. అంతలో ఒక పడవ నిండా యాత్రికులు వచ్చారు. నా వంకే చూశారు. బి.ఏ. చదివినవాణ్ణి, బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, వాళ్ళందరి ముందూ గుడ్డ జాడించాలా? సిగ్గేసింది. పడవ వెళ్ళిపోయింది. ఇంకో పడవ వస్తుందేమో అనిపించింది. గుడ్డ సంచిలో పెట్టుకుని తిరిగి వచ్చేశాను.

హోటలు గదిలో కుళాయి కింద తొట్టికి బిరడా పెట్టి, నీళ్ళు పట్టి, అందులో జాడించాను. నీళ్ళు ఎర్రగా అయ్యాయి. పిండి ఆరేశాను.

తిరిగొచ్చాక ఆయన షెడ్డుకి వెళ్ళి ఇచ్చాను. గుడ్డ అంచు నాలుక మీద పెట్టుకున్నారు. ఆయన నీళ్ళను అలాగే పరీక్షించేవారు.

"ఉప్పు తగలట్లేదండీ."

"లేదండీ. తియ్యటి నీళ్ళే."

"చుట్టూ సముద్రం ఉండి కూడానా?"

"అవునండీ."

గుమ్మంలోకి వెళ్ళి గుడ్డని వెలుగులో పట్టి చూశారు. తెల్లగా ఉండవలసిన చోట లేత ఎరుపు వాలి ఉంది. నేనూ అప్పుడే చూశాను. ఆయన వేళ్ళతో ఆ చోటు తడిమారు.

"నీళ్ళు బాగా నిదానంగా పారతాయేమోనండీ" అన్నారు.

"అవునండీ, నిదానమే" అన్నాను.

నలభై ఏళ్ళు కాలువలో నిలబడిన మనిషి. తొట్టిలో జాడించిన గుడ్డ ఆయనకి తెలియలేదా? తెలిసే, నన్ను అనవలసిన మాట నీళ్ళ మీద పెట్టారా? ఇది తేలకే నాకు నిద్ర పట్టని రోజులున్నాయి. తెలియలేదంటే నేను మోసగాణ్ణి. తెలిసిందంటే నేను మోసగాణ్ణి, ఆయన నాకు తోడు నిలిచారు. రెండోది ఎక్కువ బరువు.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన అందరికీ చెప్పేవారు, సముద్రం మధ్యన తియ్యటి నీళ్ళ ఊరు ఉందని. ఒకసారి ఆయన అల్లుడు టీవీలో చూసి, అవి ఉప్పునీళ్ళే మావయ్యా అని నలుగురిలో నవ్వాడు. నేనక్కడే ఉన్నాను. "టీవీవోడు జాడించాడేంట్రా? మా రైటరు గారు జాడించి తెచ్చారు" అన్నారు ఆయన. అందరూ నా వంక చూశారు. నేను టీ తాగుతున్నాను. తాగడం ఆపలేదు.

తర్వాత విజయవాడ వచ్చేశాను. బందరు కాలువ పక్కనే అద్దె ఇల్లు. ఈ ఊరికి మూడు కాలువలున్నాయి కాబట్టి, దీన్ని వెనిస్ చేస్తామని ఎవరో ఒకరు అప్పుడప్పుడూ అంటుంటారు. వినగానే కిటికీ మూసేస్తాను. దోమలు కూడా ఉంటాయి, అది వేరే సంగతి. ఇక్కణ్ణుంచి పారే నీళ్ళే ఎక్కడెక్కడో చీలి ఆయన రేవుకు చేరేవి. సాయంత్రాలు గట్టు మీద నిలబడితే, దిగువన ఆయన మోకాలిలోతు నీళ్ళలో గుడ్డ పరిచి నిలబడినట్టే ఉంటుంది. ఒక్కసారి ఆ షెడ్డులో బల్ల మీద ఆయన పక్కన కూర్చోవాలని, ఆ ఉత్తరం మొదటి నుంచి చదవాలని ఉండేది. బస్సెక్కితే రెండు గంటలు. ఎక్కలేదు.

పోయినేడు ఆయన పోయారు. పలకరించడానికి వెళితే, ఆయన భార్య నాంచారమ్మ గారు లోపలికి వెళ్ళి ఆ గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇది రైటరు గారిది, ఆయనకే ఇచ్చెయ్యమన్నారండీ." ఇంకేమన్నా అన్నారా అని అడిగాను. ఏమీ అనలేదట.

గోడ మీద క్యాలెండర్ అలాగే ఉంది.

ఇప్పుడు మళ్ళీ వేసవి. మా కిటికీ కింద కాలువ కట్టేశారు. గుడ్డ నా బీరువాలో ఉంది. నీళ్ళు వదిలాక తీసుకెళ్ళి జాడిద్దామని అనుకుంటాను. వాలిన ఎరుపు పోదు, ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. నాంచారమ్మ గారికి చెప్పాలా? ఆయన నమ్మినదాన్ని ఇప్పుడు ఆవిడ దగ్గర్నుంచి కూడా లాక్కోవాలా? తెలియదు. మీకు మాత్రం చెప్పాను. మీరు క్షమించనక్కరలేదు, అది మీ పని కాదు. ఆ వాక్యం ఇవాళ మొదటిసారి పైకి చదివాను. అంతవరకు తేలికగా ఉంది.

ఇకమీదట ఆ ఊరి నీళ్ళు ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే ఉన్నమాటే చెబుతాను. ఉప్పునీళ్ళేనంటారండీ. నేను చెయ్యి పెట్టలేదు.