గ్లాసుల మీది ఉల్లిపాయలు

జుపార్ భర్త ఎర్మెక్ పోయి ఆ గురువారానికి నలభై రోజులు. పొద్దున్నే ఇల్లంతా కొవ్వులో బోర్సోక్‌లనే పిండిముక్కలు వేగుతున్న వాసన. ఆ వాసన పోయినవాళ్ళకి చేరుతుందని ఆ కిర్గిజ్ ఊరు అట్-బాషీలో అందరి నమ్మకం. జుపార్‌కి మాత్రం ఏ వాసనా తెలియడం లేదు. ఏడుపూ రావడం లేదు. నలభై రోజులుగా ఆమె కంట చుక్క నీరు లేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చాటున ఏమనుకుంటున్నారో తెలుసు, పట్టించుకునే ఓపిక లేదు.

ముప్పై ఏళ్ళుగా ఆమె బళ్ళో జీవశాస్త్రం చెబుతోంది. బళ్ళో అందరూ ఆమెని 'ఎజే', అంటే అక్కా, అనే పిలుస్తారు. మొన్న సోమవారం హెడ్మాస్టర్ కచ్కిన్ పిలిచాడు.

"ఎజే, క్లాసు మధ్యలో కిటికీ వైపు చూస్తూ నిలబడిపోతున్నారట. శుక్రవారం టీచర్లందరి ముందూ ఒక పాఠం చెప్పండి. చెప్పగలిగితే సరే. లేదంటే ఇంట్లో విశ్రాంతి తీసుకోండి, మీ క్లాసులు డ్రిల్లు మాస్టారికి ఇస్తాను."

డ్రిల్లు మాస్టారికి వేరుకీ తోకకీ తేడా తెలియదు, ఆ సంగతి అలా ఉంచండి. ఇంట్లో విశ్రాంతి అంటే ఎర్మెక్ లేని గదుల్లో రోజంతా కూర్చోవడం. అది తన వల్ల కాదని జుపార్‌కి తెలుసు.

ఆ సాయంత్రమే ఆరు ఉల్లిపాయలు తీసి, అడుగు తడిసేలా ఆరు నీళ్ళ గ్లాసుల మీద కూర్చోబెట్టింది. చలికాలానికని ఎర్మెక్ జడలల్లి కొట్టంలో వేలాడదీసిన పాయలవి. గురువారానికి తెల్లటి వేర్లు వేలెడు దిగాయి. పొద్దున తొమ్మిది ప్రాంతంలో వేరు కొనల్లో కణాలు జోరుగా విడిపోతుంటాయి, అప్పుడే కోసి స్పిరిట్లో వేయాలి. కానీ ఆ వేళకి చుట్టాలు రావడం మొదలైంది, గుమ్మం దగ్గర నిలబడక తప్పలేదు.

వంటింట్లోకి వచ్చేసరికి గ్లాసులన్నీ ఖాళీ. ఎర్మెక్ అక్క సాలికా కత్తి టకటకలాడిస్తోంది.

"వదినా, ఇక్కడి ఉల్లిపాయలు..."

"కోసేశా. ఎవరే వీటిని నీళ్ళల్లో నానబెట్టింది? ముసలాడి గడ్డంలా వేర్లు దిగాయి! మాంసంలోకి ఇంత ఉల్లిపాయ కావాలాయె, నువ్వేమో బొమ్మలా నిలబడ్డావు. ఎవరో ఒకరు చెయ్యొద్దూ?"

"రేపటి పాఠానికి పెట్టుకున్నాను."

సాలికా చెయ్యి ఆగిపోయింది. "ఉల్లిపాయకి కూడా పాఠం ఉంటుందా? ముందే చెప్పి చావొచ్చుగా తల్లీ!"

ఇంకొకరైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్ళు. జుపార్‌కి కోపం కూడా రాలేదు. ఆవు కోసం పక్కన పెట్టిన తుక్కు గిన్నెలో చెయ్యి పెట్టి వెతికింది. వేర్లు ఇంకా తడిగానే ఉన్నాయి. గడియారం తొమ్మిదింబావు చూపిస్తోంది. బడికి పరిగెత్తి వచ్చేలోగా ఎండిపోతాయి. ఇంట్లో స్పిరిట్ ఉన్నది ఒక్కచోటే, ఎర్మెక్ సంచిలో.

పశువుల డాక్టరు సంచి అది. నలభై రోజులుగా తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. ఆచారం ప్రకారం అతని బట్టలతో పాటు దాన్నీ ఆ మధ్యాహ్నం ఎవరికో ఇచ్చేస్తారు. జుపార్ తెరిచింది. సూదులు, స్పిరిట్ సీసా, సగం కొరికిన కురుత్ ఉండ. ఎండిన ఆ పెరుగుముద్ద మీద పంటిగాట్లు కనిపిస్తున్నాయి. చూసి పక్కన పెట్టింది. మూడు పాళ్ళు స్పిరిట్, ఒక పాలు ఘాటు వెనిగర్ కలిపి వేర్లు అందులో వేసింది.

శుక్రవారం టీచర్లు వెనక బెంచీల్లో కూర్చున్నారు. పిల్లలు వేర్లని ఆమ్లంలో వెచ్చబెట్టి, ఎర్రరంగు పట్టించి, గాజుపలకల మధ్య పెట్టారు.

"బొటనవేలితో నెమ్మదిగా నొక్కండర్రా! పేనుని కాదు చంపేది!"

పిల్లలు నవ్వారు. మేరిమ్ అనే పిల్ల మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండా అరిచింది.

"ఎజే! దారాలు రెండు వైపులకీ జరుగుతున్నట్టున్నాయి!"

"అవే క్రోమోజోములు. ఒక కణం రెండవుతోంది. రెండింటికీ మధ్య ఇంకా గోడ కట్టలేదు."

"ఎప్పుడు కడుతుంది? ఉండి చూడనా?"

"కట్టదమ్మా. నిన్న తొమ్మిదింబావుకి స్పిరిట్లో వేశాను. అప్పుడు ఎక్కడి దాకా వచ్చిందో అక్కడే ఆగిపోయింది."

అలా అనేసి జుపార్ కిటికీ వైపు తిరిగింది. కచ్కిన్ పెన్ను తీశాడు.

"మరి మిగతా ఉల్లిపాయేం చేశారు ఎజే?" అంది మేరిమ్.

"తినేశాం," అంది జుపార్. క్లాసంతా గొల్లుమంది. ఆమె సుద్దముక్క తీసుకుని, బతికున్న వేరులో ఆ గోడ ఎలా కడుతుందో బోర్డు మీద చివరిదాకా గీసి చూపించింది.

గంట కొట్టాక కచ్కిన్ పుస్తకం మూసేశాడు. "సోమవారం నుంచి మీ క్లాసులు మీవే ఎజే," అన్నాడు. ఆమె తలూపింది. సంతోషమేమీ కలగలేదు.

ఇంటికి వచ్చేసరికి కిటికీ గట్టు మీద మళ్ళీ ఆరు గ్లాసులు, ఆరు ఉల్లిపాయలు. అన్నీ మొనలు నీళ్ళల్లో ముంచుకుని, వేర్ల వైపు పైకి పెట్టి ఉన్నాయి.

సాలికా తలుపు దగ్గర నిలబడింది. "వాడు అల్లిన జడల్లో అదే ఆఖరుది. విప్పేసి పెట్టాను. సరిగ్గానే పెట్టానా?"

"తలకిందులుగా పెట్టారు వదినా."

అంటూ ఉండగానే జుపార్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఒక్కో పాయనీ తిప్పి పెట్టింది. నాలుగో పాయకి ఎర్మెక్ కట్టిన గడ్డితాడు ముడి ఇంకా అలాగే ఉంది. దాన్ని పట్టుకుని ఆమె నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చింది. సాలికా వచ్చి పక్కన కూర్చుని, మిగిలిన రెండూ తనే తిప్పి పెట్టింది.