సిస్టర్ మా క్లాసుకు వచ్చిన రోజు

పదో తరగతి చదువుతుండగా ఒకనాడు పొద్దున ఉప్మా మింగబోతే గొంతు మండిపోయింది. అద్దంలో చూసుకుంటే నాలుక నిండా తెల్లటి పూత. అమ్మను నేను అవ్వ అనే పిలుస్తాను, ఆమెకు చూపించలేదు. కారణం నాకు తెలుసు.

చిన్నప్పటి నుంచి అవ్వ రోజూ ఒక మందు గోలీ ఇచ్చేది. "రక్తం పట్టనీకి" అనేది. అంతకు ఆరు నెలల ముందు డబ్బా మీది పేరు ఫోన్‌లో వెతికాను. హెచ్‌ఐవీ మందు అని వచ్చింది. బళ్లో ఆ మాటను తిట్టుగానే విన్నాను. ఎలాగూ చచ్చిపోతాను, ఇంకా గోలీ ఎందుకని ఆనాటి నుంచి పారేస్తూ వచ్చాను.

జ్వరం కూడా పట్టుకునేసరికి అవ్వ నన్ను బెల్లంపల్లి నుంచి కరీంనగర్‌లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు తీసుకెళ్లింది.

"రోగంతోని కొట్లాడే సీడీ ఫోర్ కణాలు తగ్గిపోయినయ్. రక్తంల వైరస్ లెక్క, వైరల్ లోడ్, బాగా పెరిగింది," అన్నారు డాక్టర్. "మందులు ఎన్నాళ్ల సంది బంద్ పెట్టినవ్?"

అవ్వ నా రెండు చేతులూ పట్టుకుంది. "నా కడుపుల నుంచే వచ్చింది బిడ్డా. ఏ నోటితోని చెప్పాలె?"

నా చిన్నప్పుడే చనిపోయిన మా నాన్న, బాపు, ఏ జబ్బుతో పోయాడో నాకు అప్పుడు అర్థమైంది.

నర్సు సరోజ సిస్టర్ మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టింది. "సావు ఫికర్ ఇడిసిపెట్టు. గోలీ తప్పకుంటే సదువుకుంటవ్, పెండ్లి చేస్కుంటవ్, పిల్లల్ని కంటవ్."

నమ్మలేదు. కొత్త మందులకు రెండు వారాలు వాంతులు. సిస్టర్ రోజూ ఫోన్ చేసి అడుగుతుంటే సిగ్గుపడి మింగాను.

ఇంటర్‌కు కరీంనగర్ హాస్టల్‌లో చేరాను. ఒకరోజు హెచ్‌ఐవీ గురించి చెప్పడానికి మా క్లాసుకు సరోజ సిస్టరే వచ్చింది. నన్ను గుర్తుపట్టి పలకరిస్తుందేమోనని తల వంచుకున్నాను.

"ఎట్ల అంటుకుంటది?" అని అడిగింది.

"దోమ కుడితే." "ఒక్క పళ్లెంల తింటే," అన్నారు క్లాసులో ఒక్కొక్కరు.

నా రూమ్మేట్ లావణ్య నా భుజం మీద చెయ్యి వేసి, "అసొంటోల్లు మా హాస్టల్ల ఉంటే నేనైతే ఒక్క దినం ఉండ మేడం," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సిస్టర్ చూపు నా మీద ఆగలేదు. "గట్ల రాదు. రక్తంతోని, వాడిన సూదులతోని, కండోమ్ లేని కలయికతోని, తల్లి నుంచి బిడ్డకు వస్తది, గంతే. మందులు ఏస్కుంటే మన తీరుగనే బతుకుతరు. మీల ఎవరన్న ఉన్నరా అని ఎతకకుర్రి."

నాలుగు నెలల తర్వాత నా రిపోర్టులో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది, అంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోయింది. ఆ సాయంత్రం లావణ్యకు చెప్పేశాను. ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది. వార్డెన్ దగ్గరికే అనుకున్నాను. ఎర్రబడ్డ కళ్లతో తిరిగొచ్చింది.

"గా దినం నీ మీద చెయ్యేసి గంత మాటన్న. ఎట్లోర్సుకున్నవే?"

ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఆ కొత్త మందులు మొదలైనప్పటి నుంచి గోలీ ఒక్కరోజు కూడా తప్పలేదు.

హెచ్‌ఐవీ మందు వాడే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. పదేళ్లు దాటుతుండగానే సెంటర్‌లో నర్సును అడిగి, ఆమె ఎదుటే జబ్బు పేరు చెప్పండి. పిల్లలు ఏడుస్తారు, ప్రశ్నలు వేస్తారు. జవాబు చెప్పడానికి ఆ క్షణాన ఒక మనిషి ఎదురుగా ఉండాలి.