పూలమ్మ గోలీల డబ్బా

మా లైన్‌లో ఇప్పుడు పూలమ్మత్తను తిట్టనివాళ్లు లేరు. తిట్టనివాళ్లెవరైనా ఉంటే జాలిపడుతున్నారు. ఆ జాలి తిట్ల కంటే అధ్వాన్నం. నిరుటి దాకా ఇవే నోళ్లు ఆమె చెయ్యి పడితే జరం పారిపోతుందని పొగిడాయి. అందుకే ఆమె సంగతి నేను చెప్పదలచుకున్నాను. నా పేరు జమున. ఆమె పక్క క్వార్టర్‌లో ఉంటాను, అంగన్‌వాడీ టీచర్ని. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. నిజమే కావచ్చు, కానీ ఈ ముచ్చట మంచి నోటితో చెప్పడం నావల్ల కాదు.

మాది గోదావరిఖనిలో బాయి పనివాళ్ల క్వార్టర్ల లైన్. బొగ్గుగనిని మేము బాయి అంటాం. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగితే వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి, ఎవరూ తల కూడా ఎత్తరు. పూలమ్మత్త మంథని దగ్గరి పల్లె నుంచి మొగిలి మామను చేసుకొని ఇక్కడికి వచ్చింది. మామ షాట్‌ఫైరర్. అంటే భూమిలోపల బొగ్గు గోడకు వేసిన రంధ్రాల్లో తూటాలు కూరి పేల్చే పని. ఒక్కోసారి ఏదో ఒక తూటా పేలదు. దాన్ని మిస్‌ఫైర్ అంటారు. దాన్ని అలాగే వదిలేసి పైకి వస్తే, తర్వాతి షిఫ్టువాడు తెలియక అక్కడే డ్రిల్లు పెడతాడు, ప్రాణం పోతుంది. మొగిలి మామ అలాంటిదాన్ని ఏనాడూ వదిలిపెట్టి రాలేదు. షిఫ్టు అయిపోయినా, ఆకలి దంచేస్తున్నా, దాని లెక్క తేల్చి కానీ పైకెక్కేవాడు కాదు. బాయిలో ఆయనకున్న పేరంతా దానివల్లే.

ఇక అత్తకున్న పేరు గోలీల డబ్బా వల్ల.

కంపెనీ దవాఖానలో మా మగవాళ్లకు, ఇంటిల్లిపాదికీ మందులు ఊరికే ఇస్తారు. డాక్టర్లు వారానికి సరిపడా రాస్తారు, అన్నీ వేసుకోవాలని చెప్పే పంపిస్తారు. మనవాళ్లు వింటేగా! జరం దిగిందా, గోలీ బంద్. పరగడుపున గోలీ వేసుకొని ఫస్టు షిఫ్టు దిగితే కళ్లు తిరుగుతాయని ఒకడు, సాయంత్రం చుక్క వేసుకోవడానికి అడ్డమని ఇంకొకడు. మిగిలిన గోలీలను పారెయ్యడానికి మనసొప్పదు కదా, ఊరికే వచ్చినవైనా సరే. అవన్నీ పూలమ్మత్త ఇంటికి చేరేవి. అల్మారా మీద ఒక గుండ్రటి బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో కత్తెరతో సగానికి కోసిన పట్టీలు, విడి గోలీలు, పేరు చెరిగిపోయిన క్యాప్సూళ్లు.

అత్తకు చదువు రాదు. రంగులను బట్టి పోల్చుకునేది. ఎరుపూ నలుపూ కలిసినది చీముకు, పసుపుది మూత్రం మంటకు, తెల్లగా పొడుగ్గా ఉన్నది గొంతుకు. ఎవరింట్లో ఎవరు మూలిగినా డబ్బా పట్టుకొని వచ్చేది, ఒక గిన్నెలో జావ కూడా కాచి తెచ్చేది. పక్కన కూర్చుని నుదురు నిమిరేది. "రెండు ఏస్కో బిడ్డా. తగ్గినంక బంద్ జెయ్యి. ఎక్కువేస్తె ఒంట్లె ఏడి జేస్తది" అనేది. ఎంత ప్రేమగా అనేదంటే, కాదనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. మా ఇల్లు కూడా ఆ గోలీలు తక్కువేం తినలేదు.

ఒకసారి అంగన్‌వాడీ మీటింగులో చెప్పింది విని వచ్చి, సగం సగం వేస్తే ప్రమాదమట అత్తా అన్నాను. పకపకా నవ్వింది. "నీ మీటింగు సంగతులు పోరగాండ్లకు జెప్పుపో. గీ లైన్ల ఎవ్వలన్న సచ్చిండ్రానే నా గోలీలకు?" అంది. అప్పటికి ఎవరూ చావలేదు మరి.

పోయిన వానాకాలం మామ బాయిలోంచి పైకి వస్తుంటే, తుప్పు పట్టిన ఇనుప తాడు పోగు ఒకటి పిక్క కింద గీరుకుంది. చిన్న గీత. దవాఖానకు పొమ్మని సంపత్ అన్నాడు. సంపత్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, ఆటో నడుపుతాడు. మామ వినలేదు.

"గింత గీరుకుంటె సిక్ లీవు పెట్టుడేందిరా? బాయి కాడ నవ్వుతరు. రిటైరయ్యే ముందట గీ ఇజ్జత్ తక్కువ పని నాకెందుకు?"

అత్త పసుపు అద్ది ఎరుపు నలుపు గోలీ వేసింది. వాపు తగ్గింది, గోలీ ఆపేసింది. మళ్లీ వాచింది. ఈసారి పసుపుది. కొంచెం తగ్గినట్టే అనిపించింది, అదీ ఆపేసింది. మళ్లీ వాస్తే తెల్లది. మామ అదే కాలితో డ్యూటీకి పోతూనే ఉన్నాడు. కాలు నిగనిగలాడుతూ ఉబ్బింది, ఇంట్లోకి అడుగుపెడితే వాసన. నేను గట్టిగా అరిచాను, దవాఖానకు తీసుకుపోతావా లేదా అని. "నాకు తెల్వదానే? గింతమందికి తక్కువ జేసిన, నా పెనిమిటికి జేసుకోనా?" అని నామీదే ఎగిరింది. చివరికి ఒక పొద్దున, బాయిలోకి దిగేముందు టోపీ దీపాలు తీసుకునే ల్యాంప్ రూం దగ్గర మామ కూలబడిపోతే, తోటివాళ్లే మోసుకొని దవాఖానలో వేశారు. కబురు తెలిసి అత్తను వెంటబెట్టుకొని నేనూ పోయాను.

అక్కడ సాత్విక అని చిన్న వయసు డాక్టరమ్మ, మంథని అమ్మాయే. కాలు చూడగానే ముఖం మారిపోయింది. ఇంతకుముందు ఏమేం మందులు వాడారమ్మా అని అడిగింది. అత్త ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కొంగు సర్దుకుంది.

"నేనేం ఊకోలేదు బిడ్డా. ముందుగాల ఎర్రది నల్లది ఏసిన. జర తగ్గింది, బంద్ జేసిన. మల్ల వాస్తె పసుపుది ఏసిన. అదీ పడలె, తెల్లది ఏసిన. నా డబ్బల ఉన్నయన్ని ఏసిన."

"ఎవరు రాసిచ్చారు?"

"రాసిచ్చుడేంది? ఇంట్లనే ఉంటయి."

డాక్టరమ్మ ఆ డబ్బా తెప్పించమంది. సంపత్ తెచ్చాడు. ఆమె మూత తీసి చూసింది, వేలితో అటూ ఇటూ కదిపింది, మళ్లీ మూత పెట్టింది. తిట్టినా బాగుండేది.

పుండులోంచి చీము తీసి పరీక్షకు పంపారు. అది తేలాక డాక్టరమ్మ మామ మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. అత్త, సంపత్, నేను అక్కడే ఉన్నాం.

"ఈ కాలులో ఉన్న క్రిమి మామూలు మందులు వేటికీ లొంగడం లేదమ్మా. ఒకటో రెండో పెద్ద సూదిమందులు మిగిలాయి. అవి పనిచేస్తాయని మాట ఇవ్వలేను. హైదరాబాద్ పంపిస్తున్నాను" అంది.

"గింత గీరుకున్నదానికి గంత పెద్ద పురుగెట్లొచ్చింది బిడ్డా?" అని అత్త అడిగింది.

"గీరుకున్నది చిన్నదే. సగం మందు వేస్తే వాటిలో బలం లేనివి చస్తాయి, గట్టివి బతుకుతాయి. బతికినవే మళ్లీ పెరుగుతాయి. అప్పుడు ఇంకో మందు సగం వేశారు. దాన్ని కూడా తట్టుకున్నవి మిగిలాయి. పైగా అవి ఒక్క మనిషి దగ్గర ఆగవు. చేతులకు, తువ్వాళ్లకు, పక్కింటివాళ్లకు అంటుకుంటాయి. మీ లైన్‌లో ఇంకెంతమంది దగ్గర ఉన్నాయో మనకు తెలియదు."

మామ అంతసేపూ కళ్లు మూసుకొని విన్నాడు. మెల్లగా కళ్లు తెరిచి అన్నాడు. "అంటె నేను మిస్‌ఫైర్ ఇడ్సిపెట్టి పైకొచ్చినన్నట్టేనా, మేడం?"

ఆమెకు అర్థం కాలేదు. నేను వివరించాను. అవును, అట్లాగే అంది ఆమె.

"సర్వీసు మొత్తంల ఒక్కటి ఇడ్వలేదు జమునా," అన్నాడు మామ నావైపు తిరిగి. "ఇంట్ల ఇడ్సిన సూడు."

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ డబ్బాను ఆమె మళ్లీ ఇంటికి తేలేదు. ఎక్కడ వదిలేసిందో నేను అడగలేదు.

హైదరాబాద్‌లో మోకాలి పైదాకా కాలు తీసేశారు. పెద్ద సూదిమందు పడింది, జరం దిగింది, బతికాడనుకున్నాం. ఆ మందే పెద్ద గోలీలుగా రాసిచ్చి, ఒక్క పూట తప్పినా ఊరుకునేది లేదని చెప్పి ఇంటికి పంపారు. అప్పటినుంచి అత్తను చూడాలి! గోడ గడియారం పీకి మంచం పక్కన పెట్టుకుంది. వేళ కాకముందే చెంబు పట్టుకొని నిలబడేది. మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేది.

"బాయిల మా పైనుండే ఓవర్‌మన్ గూడ నన్ను గిట్ల చెక్ జెయ్యలేదే," అని మామ నవ్వేవాడు.

"ఓవర్‌మన్‌కు నువ్వు మొగనివా? నోరు తెరువు" అనేది ఆమె.

జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో ఒక మందును సరిగ్గా వాడారు. ఏం లాభం? జరం మళ్లీ వచ్చింది. ఈసారి క్రిమి రక్తంలోకి పోయిందన్నారు. మళ్లీ హైదరాబాద్ తీసుకుపోయారు, కిడ్నీలు ఆగిపోయాయి, మామ తిరిగి రాలేదు. ఇంట్లో గడియారం పక్కన గోలీల పట్టీ ఒకటి సగంలోనే మిగిలిపోయింది.

ఆ రోజుల్లో మా లైన్ జనం ఆ గడప తొక్కితే ఒట్టు. పురుగు అంటుకుంటదని బిందె కూడా వాళ్ల నల్లా దగ్గర పెట్టలేదు. దినాల నాడు మాత్రం షామియానా కింద అందరూ కూర్చున్నారు. మాంసం కూర దగ్గర పురుగు భయం ఎటుపోయిందో! నేను వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. అత్త ఒక మూల ముడుచుకొని కూర్చుంది. మూడో క్వార్టర్ అనసూర్య లోపలికి వచ్చి ఆమె పక్కన చతికిలపడింది. కాసేపు ముక్కు చీదింది, మామ మంచితనం తలుచుకుంది. తర్వాత గొంతు తగ్గించింది.

"అక్కా, మా మనుమనికి గొంతు నొప్పే, సలిజరం. బావకిచ్చిన పెద్ద గోలీలు మిగిలినయంటగదా. ఒక్క రెండు పెట్టరాదు?"

నా చేతిలో కత్తి ఆగిపోయింది. అత్త తలెత్తింది.

"నేనియ్య" అంది.

"గదేందక్కా? ఇంక నువ్వేం జేసుకుంటవ్ వాటిని?"

"ఇయ్యనే. నీకు దండం బెడత. పోరన్ని దవాఖానకు తోల్కపో. వాళ్లెన్ని ఇస్తె అన్ని ఎయ్యి. నడుమ బంద్ జెయ్యకు."

అనసూర్య చివ్వున లేచింది. "దవాఖానకు పొయ్యేటోళ్లమైతె నీ కాడికెందుకొస్తం? ఊరందరికి పంచినవ్, నా మనుమని కాడికొచ్చెవరకు బరువైనయా?" అని బయటికి పోయి, షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లందరికీ వినబడేలా అదే మాట మళ్లీ అంది. వెనకే పోయి నేను ఆమెను నాలుగు దులిపాను. నన్ను కూడా కలిపి తిట్టారు. సాయంత్రానికల్లా లైన్ మొత్తం ఒకటే మాట, మొగడు పోయినా గోలీలు మూట కట్టుకున్నదని. ఇన్నేళ్లు చేసిన సేవ అంతా గంగలో కలిసింది. లైన్‌కు ఆమె నిజంగా మేలు చేసింది ఆ ఒక్కసారే, పేరు పోయింది కూడా అప్పుడే.

అయినా ఆ పిల్లవాడికి గోలీలు అందాయి. ఇచ్చింది ఎవరో కాదు, సంపత్. తండ్రి స్ట్రెచర్‌ను తన చేతులతో తోసినవాడు! తెలిసి నేను వాడి మీద విరుచుకుపడ్డాను.

"పొద్దుగాల లేస్తె గీ మొఖాలే సూడాలెగదా అక్కా. రెండు గోలీల కాడ పంచాయితీ ఎందుకని మిగిలిన పట్టీ మొత్తం ఇచ్చిన" అన్నాడు తల దించుకొని.

పిల్లవాడికి తగ్గింది. గొంతు నొప్పి కదా, ఏమీ వెయ్యకపోయినా తగ్గేదే. కానీ అనసూర్య చాటింపు వేసింది, అబ్బబ్బ, హైదరాబాద్ గోలి అంటే మాటలా, ఒక్కదానికే పోరడు లేచి ఆడుకున్నాడని. మిగిలినవి ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుంది. తర్వాత జనం తమ ఇళ్లలో మిగిలినవి ఆమెకు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా లైన్‌లో ఎవరికి జరం వచ్చినా పూలమ్మత్త గడప దాటి అనసూర్య గడపకు పోతున్నారు.

నిన్న అత్త అనసూర్య ఇంటికి పోయింది. ఏం చేస్తుందో అని నేనూ వెనకే పోయాను. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అత్త వాళ్ల ముందు రెండు చేతులూ జోడించింది.

"నా పెనిమిటి కాలు మీరందరు సూసిండ్రు. ఏసుకుంటె పూరా ఏసుకోండ్రి, లేకుంటె ముట్టకుండ్రి. గా పురుగును నేనే పెంచిన. గది ఇప్పుడు మీ ఇండ్లల్ల ఉన్నదో, మీ పోరగాండ్ల కాడ ఉన్నదో. నా మాటినుండ్రే, మీ కాల్మొక్త."

నిజంగానే వంగి కాళ్లు పట్టుకోబోయింది. అందరూ అయ్యో అయ్యో అంటూ ఆమెను లేపి, పీట వేసి కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు. మొగడు పోయిన దిగులుకు బుద్ధి తప్పిందని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. నేను అత్త భుజం పట్టుకొని ఇంటికి నడిపిస్తుంటే, అనసూర్య పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

"పాపం, అక్కకు నిద్ర పడుతలేనట్టుంది జమునా. నా డబ్బల నిద్ర గోలీలున్నయి. రెండు ఇయ్యనా?"